సగంలో ఆగిన కంచె

మళ్లీ మొలిచే ఉంటాయి, నిన్న వేళ్లతో సహా పీకి పారేసిన చోటే మళ్లీ మొలిచి ఉంటాయి, ఫోను తెరిచి చూడనక్కర్లేదు, ఈ తెల్లకోటు జేబులో పెన్ను ఉందని చెయ్యి పెట్టకముందే తెలిసిపోయినట్టు అదీ తెలిసిపోతోంది, ఇదిగో పెన్ను, మూత లేదు, ఈ డాక్టర్లకు పెన్నులు ఎవరిస్తారో గానీ మూతలు మాత్రం ఎవరూ ఇవ్వరు, ఇది ఇలాగే మెషీన్లోకి వెళ్లి ఉంటే ఈ పూట కోట్లన్నీ నీలం, అప్పుడు సూపర్‌వైజర్ తిన్నగా నా బల్ల దగ్గరికే వస్తాడు, జేబులు చూసేది మీరే కదమ్మా అంటాడు, నేనే బాబూ, ఆస్పత్రి నుంచీ హోటళ్ల నుంచీ మూటలుగా వచ్చిన బట్టలు విప్పి, జేబులు దులిపి, మరకను బట్టి కుప్పలు వేసేది నేనే, ఈ లాండ్రీలో నా చెయ్యి దాటకుండా ఒక్క చేతిరుమాలైనా మెషీన్ మొహం చూడదు, ఇంతమంది జేబుల్లో ఏముందో కనిపెట్టే నన్ను ఒక ఫోను ఆట ఇలా మూడు చెరువుల నీళ్లు తాగిస్తోందంటే ఎవరితో చెప్పుకోవాలి, చెప్పుకున్నా నవ్వుతారు, మొన్న మా ఆయన నవ్వలేదా, బాల్కనీలో కుండీ పెడితే వారం తిరక్కుండా ఎండబెడతావు, ఆటలో మాత్రం అడవి పెంచుతున్నావు, నీ చేతి మహిమే మహిమ అన్నాడు, పెంచడం లేదు మహాప్రభో, అవే పెరుగుతున్నాయి, అదే కదా నా ఏడుపు, ఆ ఆటలో మాకు కాస్త జాగా ఉంది, మాకంటే నాకూ చెల్లికీ, ఇద్దరి పేరు మీదా, వాగు ఒడ్డున, నడుమ ఇల్లు, ఇంటి ముందు విశాలమైన వాకిలి, ఆ వాకిట్లో ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదు, ఎటు చూసినా మొక్కలు, నేను నాటలేదు, ఎవరూ నాటలేదు, వాటంతట అవే మొలుస్తాయి, పీకినకొద్దీ మొలుస్తాయి, ఒక్కరోజు ఏమరితే మానులై కూర్చుంటాయి, పైగా ఆటలో ఒక దిక్కుమాలిన నియమం, జాగాలో సగానికి మించి చెట్లు కమ్మితే అది అడవి కింద జమ, మన పేరు కొట్టేసి ఇల్లూ వాకిలీ అంతా మాయం చేసేస్తారు, వారానికోసారి దీపాలు పెట్టే వేళకు లెక్క చూస్తారు, ఆ లెక్క ఈ సాయంత్రమే, నిన్ననే హెచ్చరిక వచ్చింది, మీ జాగా అడవి కాబోతోంది అని ఎర్ర అక్షరాలు, పక్కన ఏడుపు మొహం బొమ్మ, నా మొహం చాలదన్నట్టు.

అంతా ఆ చెట్టు వల్లే, చెల్లి నాటిన చెట్టు, వాకిలి నడిబొడ్డున, ఎక్కడా చోటు లేనట్టు, పోనీ నన్ను అడిగి నాటిందా అంటే లేదు, ఒకరోజు ఆట తెరిచేసరికి ఎదురుగా వేలెడంత మొక్క, ఏమిటే ఇది అంటే నువ్వు డ్యూటీ నుంచి అలిసిపోయి వస్తావు కదక్కా, కాస్త నీడ ఉంటుందని అంది, ఆటలో ఎండ తగులుతుందటే నీడకు, అన్నాను, కళ్లకు తగులుతుంది అంది, దాని దగ్గర అన్నిటికీ జవాబు ఉంటుంది, ఆ చెట్టు ఇప్పుడు గొడుగులా విచ్చుకుని గింజలు రాలుస్తోంది, గోధుమరంగు గింజలు, చుట్టూ ముళ్లు, దాన్ని మొదలంటా నరికి పారేస్తే పీడ విరగడైపోతుంది, నరకనివ్వరు, ఎవరు నాటిన చెట్టును వాళ్లే కొట్టాలట, పక్కవాళ్లు కొట్టాలంటే చెట్టు మీద వేలు పెట్టాలి, అనుమతి అడుగు అని ఒక మీట వస్తుంది, అది నొక్కితే చెల్లి ఫోనుకు కబురు పోతుంది, మీ అక్క మీ చెట్టును కొట్టాలనుకుంటోంది, సరేనా అని, అంటే నేనే ముందు మాట్లాడినట్టు, నేనే దిగొచ్చినట్టు, నేనెందుకు దిగాలి, పెద్దదాన్ని, తప్పేమన్నాను, బ్యాంకు కౌంటర్లో కూర్చున్న చోట కూర్చుని చేసుకునే ఉద్యోగం, ఫ్యాను కింద, అది వదిలేసి బస్సు నడపడం నేర్చుకుంటానంటే ఏ అక్క ఊరుకుంటుంది, అంతకుముందు కుట్టు నేర్చుకుంటానని ఒక జాకెట్టుకు ఒక చెయ్యి కుట్టి వదిలేసింది, తరవాత కంప్యూటర్ అంది, తరవాత ఈత అంది, దాని జీవితమంతా ఒక చెయ్యి కుట్టిన జాకెట్టే, నేను దానికి పెట్టిన పేరు సగాల రాణి, చిన్నప్పుడు ఆ పేరు వింటే నవ్వేది, ఆ రోజు నవ్వలేదు, నీకు ఏ పనీ చివరిదాకా చెయ్యడం రాదే అన్నాను, ఫోన్లోనే, పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఒక చేత్తో స్టవ్ ఆర్పుతూ, ఆ మాట అంత బరువైనదని కూడా అనుకోకుండా, అది ఊరుకుందా, నీకు ఏదీ వదలడం రాదక్కా, ప్రతివాళ్ల జేబులూ దులపడమే నీ పని, ఉద్యోగంలోనూ అదే, ఇంట్లోనూ అదే అని పెట్టేసింది, నెలలైంది, ఇంతవరకూ ఫోను లేదు, ఆటలోకి రావడం లేదు, సరే, రాకపోతే పో, కానీ వెళ్తూ వెళ్తూ నీ చెట్టు పట్టుకుపోవాలి కదా, చెట్టు నా నెత్తిన పెట్టి వెళ్లడమేమిటి, దాని సగం పనులన్నీ నా నెత్తిన పెట్టి వెళ్లడమేమిటి, కంచె చూడు, తూర్పు వైపంతా కట్టి మూల తిరగ్గానే ఆపేసింది, బావి చూడు, నడుములోతు తవ్వి వదిలేసింది, ఇల్లు మాత్రం పునాది నుంచి కప్పు దాకా నా చేత్తో కట్టాను, ఆటలోకి దిగగానే ఓపిక గీత అని ఒక పచ్చగీత ఉంటుంది, పని చేసినకొద్దీ తరిగిపోతుంది, నేను ఆ గీత అడుగంటేదాకా పనిచేసేదాన్ని, నేను అలా చెమటోడ్చి దూలాలు మోస్తుంటే ఇది ఏం చేసేదయ్యా అంటే వాగు ఒడ్డున రాయి మీద కూర్చునేది, ఎప్పుడు చూసినా అక్కడే, ఏంటే, ఎప్పుడు చూసినా వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటావు, కంచె ఎవరు కడతారు అని రాసేదాన్ని, రేపు కడతాను అక్కా అని రాసేది, ఒక నవ్వు మొహం బొమ్మ పెట్టేది, ఆ రేపు ఇంకా రాలేదు.

నేనేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు, చెయ్యని పని లేదు, రాళ్లు పరిస్తే మొలకలు రావని ఎవరో చెబితే కొండ దగ్గర్నుంచి రాళ్లు మోసుకొచ్చి ఇంటి చుట్టూ పరిచాను, రాళ్లున్న చోట రాలేదు, రాళ్లు లేని చోటల్లా రెట్టింపు వచ్చాయి, మేకలు మేస్తాయని పక్క జాగా ఆయన్ని అడిగాను, ఆయన పేరేమిటో తెలియదు, మేకలుంటాయి కాబట్టి మేకలాయన అంటాను, పాపం మంచివాడే, మందను తోలాడు, ఆ మేకలు నా పూలపాదులన్నీ శుభ్రంగా మేసి, కంచెలో రెండు గుంజలు కూడా కొరికి, మొక్కల్ని మాత్రం వాసన చూసి వదిలేశాయి, చేదుగా ఉంటాయేమో తల్లీ అని రాశాడు ఆయన, మేకలకు చేదు, నాకు చేదు, పెంచినమ్మకు మాత్రం నీడ, అన్నిటికన్నా ఒళ్లు మండేది ఏమిటంటే ఆ మేకలాయన వాకిట్లో ఇవే చెట్లు మూడున్నాయి, ఒక్క మొలక లేదు, నేల అద్దంలా ఉంటుంది, ఏం చేస్తారండీ మీరు అంటే ఏమీ చెయ్యనమ్మా, అందరిలాగే అన్నాడు, అందరిలాగే అంటే ఏమిటో, మరి నేను అందరిలాగా కానా, నాకే ఎందుకు ఇన్ని లోపాలు, ఈ ఆట నా మీద కక్ష కట్టిందనే అనిపిస్తుంది ఒక్కోసారి, ఇంతకుముందు తడిబట్టల గోల ఒకటి ఉండేది, ఆట తెరవగానే మీ బట్టలు తడిగా ఉన్నాయి, చలి వేస్తుంది అని వచ్చేది, ఆటలోని నా బొమ్మ గజగజ వణికేది, రోజూ, వాన లేదు ఏమీ లేదు, ఆట కట్టేసేటప్పుడు ఇంట్లో గోడకు కొక్కేనికి తగిలించి వెళ్లిన బట్టలు తడవడమేమిటి, చెల్లితో అంటే వాన పడిందేమోలే అక్కా అనేది, ఆట నడిపేవాళ్లకు పెద్ద ఫిర్యాదు కూడా రాశాను, మీ ఆటలో లోపం ఉంది, సరిచెయ్యండి అని, మొత్తానికి సరిచేశారు, ఈ మధ్య ఆ తడి లేదు, అది పోయిందనుకుంటే ఇది పట్టుకుంది, చెల్లి వెళ్లిపోయిన వారానికే మొదటి మొలక, అసలు ఆటంటే ఏమిటి, కాసేపు పని మరిచిపోవడానికి కదా, పొద్దున్నుంచీ ఈ ఆవిరిలో, ఈ సబ్బు వాసనలో నానిపోయి ఆట తెరిస్తే అక్కడ మళ్లీ పని, మొదటిరోజునే ఒక సబ్బునురగ బొమ్మ కనబడింది, బట్టలు ఉతుక్కోండి అని, నవ్వొచ్చింది, నాకా చెబుతున్నావు, ఆ గుర్తు కనబడకుండా మూలకు తోసేశాను, ఆటలో కూడా ఉతుకుతూ కూర్చుంటే ఇక నేను బతికేది ఎప్పుడు.

మెషీన్ బాబాయ్ పిలుస్తున్నాడు, ఆ పెద్ద మెషీన్లు మూడూ నడిపేది ఆయనే, అమ్మాయ్ ఒకసారి ఇలా రా, గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది, మూత తెరిచి చూపిస్తున్నాడు, హోటల్ వాళ్ల నల్ల ప్యాంట్లు, నల్లగా లేవు, పిండిలో పొర్లించినట్టున్నాయి, ప్రతి ప్యాంటుకూ తెల్ల నలకలు, జేబులో కాగితపు రుమాలు ఉండిపోయింది, నేనే చూడలేదు, పొద్దున ఆ మొక్కల ధ్యాసలో పడి ఏదో ఒక్క జేబు వదిలేశాను, ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు, బాబాయ్ ఒక ప్యాంటు దులిపి నవ్వాడు, ఒక్క జేబులో ఒక్క కాగితం, తిరిగిన చోటల్లా అంటించుకుంటూ పోయింది చూడు, పర్లేదులే, మళ్లీ తిప్పుతాను, సూపర్‌వైజర్‌కు చెప్పనులే అన్నాడు, ఆయన మంచితనం చూస్తే ఇంకా మండుకొచ్చింది, ఆయన మీద కాదు, నా మీద కూడా కాదు, చెల్లి మీద, ఆ చెట్టు మీద, ఇప్పుడు నా ఉద్యోగం కూడా తింటుందా ఆ చెట్టు, నొక్కేస్తాను, ఈ భోజనాల వేళకు ఆ అనుమతి మీట నొక్కేస్తాను, ఏమనుకుంటే అనుకోనీ, గంట కొట్టగానే మడతబల్ల దగ్గర డబ్బా తెరిచి ఒక చేత్తో తింటూ ఒక చేత్తో ఆట తెరిచాను, మొలిచాయి, నేను చెప్పలేదూ, నిన్నటివి నిన్నటి చోటే, కొత్తవి కొత్త చోట, జాగా మొత్తం కనబడేలా పైనుంచి చూశాను, పక్షి చూసినట్టు, ఎన్ని కొడితే సగం లోపుకు వస్తుందో చూద్దామని, పక్కన దుప్పట్లు మడిచే పిన్ని, చుట్టం కాదు, ఈ లాండ్రీలో అందరికీ పిన్నే, మెడ చాచి నా ఫోన్లోకి తొంగి చూసింది, ఇదేమిటే, భలే దారి వేశావే అంది, దారి ఏమిటి పిన్నీ, పీడ అది, వద్దన్నా మొలుస్తున్నాయి అన్నాను, ఊరుకో, ఇదిగో ఇంటి గుమ్మం, ఇదిగో ఆ పెద్ద చెట్టు, మధ్యలో రెండు పక్కలా వరసగా మొక్కలు పెట్టి తిన్నగా దారి తీసి, మళ్లీ పీడ అంటావేమిటి, ఎవరో ఈ దారిన రోజూ తిరుగుతున్నట్టుంది అంది, అని దుప్పటి అంచు అందుకోమంది, డబ్బా మూసి చెయ్యి కడుక్కొచ్చి అందుకున్నాను, ఇద్దరం చెరో వైపు పట్టుకుని మడిచాం, నా చేతులు మడుస్తూనే ఉన్నాయి.

రోజూ తిరిగేది ఎవరు, నేనే, ఇంకెవరున్నారు అక్కడ, గుమ్మం నుంచి చెట్టుకు, చెట్టు నుంచి గుమ్మానికి, ఎందుకు తిరుగుతున్నానంటే చెట్టు ఎంత పెరిగిందో చూడటానికి, కాదు, అబద్ధం ఎందుకు, బుట్ట చూడటానికి, చెల్లి ఆట వదిలి వెళ్లేటప్పుడు ఇంట్లోకి రాదు, ఆ చెట్టు కిందే ఆగిపోతుంది, ఆగిన చోట దాని బట్టల బుట్ట ఉండిపోతుంది, మనిషి తిరిగొస్తే బుట్ట మాయమవుతుంది, అందుకని ఆట తెరవగానే ముందు అక్కడికే వెళ్తాను, బుట్ట ఉందా లేదా అని, ఉంటుంది, తిట్టుకుంటూ వెనక్కి వస్తాను, మధ్యాహ్నం మళ్లీ వెళ్తాను, సాయంత్రం మళ్లీ, మళ్లీ తిట్టుకుంటాను, మొక్కలు సరిగ్గా ఆ దారినే మొలుస్తున్నాయి, ఆ దారి దిగి పీకడానికి నేను ఎటు వెళ్తే అటు ఇంకో వరస, పీకినకొద్దీ మొలవడం కాదు, నడిచినకొద్దీ మొలుస్తున్నాయి, తిరిగిన చోటల్లా అంటించుకుంటూ పోయింది అన్నాడు బాబాయ్, దుప్పటి పిన్ని చేతిలో పెట్టేసి ఫోను తీసి నా బొమ్మను దగ్గరికి లాగి చూశాను, ఎప్పుడూ చూడలేదు, నా బొమ్మ పావడా అంచు, అక్కడ ఉన్నాయి, గోధుమరంగు గింజలు, ముళ్లతో పట్టుకుని వేలాడుతున్నాయి, లాండ్రీకి వచ్చిన ప్రతి బట్టనూ తిరగేసి చూసే నేను నా బొమ్మ పావడా అంచు ఒక్కసారి తిరగేయలేదు, చెట్టు కిందికి వెళ్లడం, గింజలు అంటించుకోవడం, వాకిలంతా విత్తుకుంటూ తిరగడం, అందరిలాగే అన్నాడు మేకలాయన, అందరూ ఉతుక్కుంటారు, అంతే, ఒళ్లు మండిపోయింది, ఇంత చిన్న సంగతికా నేను కొండ నుంచి రాళ్లు మోసింది, సరే, దొరికింది, ఉతికేస్తే పోతుంది అనుకున్నాను, అనుకుని పిన్ని దగ్గర దుప్పటి మళ్లీ అందుకుంటుంటే అది నా చేతికి తడిగా తగిలింది, ఇది సరిగ్గా ఆరలేదే, చూడు, పక్కన పెట్టు అంటోంది పిన్ని, నేను పక్కన పెట్టలేదు, పట్టుకునే ఉన్నాను, ఎందుకంటే చెట్టు ముందు నుంచీ ఉంది కదా, ముందు నుంచీ గింజలు రాల్చింది కదా, చెల్లిని తిట్టడానికి నేను ముందు నుంచీ ఆ చెట్టు కిందికి పోయేదాన్ని కదా, మరి అప్పుడు ఒక్క మొలక ఎందుకు రాలేదు, అప్పుడూ నేను ఉతకలేదు, ఒక్కసారి కూడా, మరి ఎందుకు రాలేదు, మీ బట్టలు తడిగా ఉన్నాయి, చలి వేస్తుంది, వాన పడిందేమోలే అక్కా, అది వాన కాదు, లోపం కాదు, వాళ్లేమీ సరిచెయ్యలేదు, నాకంటే ముందు ఆటలోకి వచ్చి, కొక్కేనికున్న నా బట్టలు తీసుకుని, వాగుకు వెళ్లి, ఉతికి తెచ్చి, మళ్లీ అక్కడే తగిలించేది, ఆరేలోగా నేను వచ్చేసేదాన్ని, వచ్చి వణికేదాన్ని, వణుకుతూ ఫిర్యాదు రాసేదాన్ని, ఒక్కరోజైనా చెప్పలేదు, ఎందుకు చెప్పలేదే, చెబితే వద్దనేదాన్ని, అదీ దానికి తెలుసు.

డ్యూటీ దిగాక ఇంటికి పోలేదు, బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చున్నాను, కిటికీలో వెలుతురు పసుపు తిరుగుతోంది, ఇంకాసేపట్లో లెక్క చూస్తారు, ఓపిక గీత నిండుగా ఉంది, లెక్క వేసుకున్నాను, ఈ గీత మొత్తం గొడ్డలికే పెడితే సగం లోపుకు తేగలను, ఇల్లు నిలుస్తుంది, కానీ ముందు ఈ గింజలు వదిలించుకోకపోతే కొట్టడానికి వేసే ప్రతి అడుగూ మళ్లీ విత్తడమే, కాబట్టి ముందు ఉతకాలి, మూలకు తోసేసిన ఆ నురగ గుర్తు వెతికి పట్టుకుని వాగుకు వెళ్లాను, ఒక పావడా, ఒక రవికె, ఎంతసేపు, అనుకున్నాను, ఉతుకుతుంటే పచ్చగీత జారిపోతోంది, ఇదేమిటి, చెట్టు కొట్టినా ఇంత తరగదే, ఇల్లు కట్టినా ఇంత తరగలేదే, నావి అయ్యేసరికి సగం గీత పోయింది, ఇప్పుడు మిగిలిన సగంతో నాలుగు మొక్కలైనా కొట్టాలి, లేకపోతే లేదు, చెట్టు దగ్గరికి వెళ్లాను, గొడ్డలి తీశాను, ఎదురుగా బుట్ట, నెలల తరబడి గింజలు రాలి దానిమీద దుమ్ములా పేరుకున్నాయి, లోపల చెల్లి బట్టలు, జాగా ఇద్దరిదీ కాబట్టి ఒకరి బట్టలు ఇంకొకరు ఉతకొచ్చు, ఆ సంగతి కూడా మొదటిరోజు అడిగి ఉంటారు, నేను చదవకుండా అన్నిటికీ సరే నొక్కేసి ఉంటాను, చెట్టు మీద వేలు పెడితే అనుమతి అడుగు అని మీట వచ్చింది, నొక్కకుండా వేలు తీసేశాను, ఇల్లు పోతే పోతుందేమో, నా చేత్తో పునాది నుంచి కట్టుకున్న ఇల్లు, అయినా గొడ్డలి దించి బుట్ట ఎత్తుకున్నాను, వాగులో ఒక్కొక్కటీ ఉతికాను, ఆటలో మరకలు ఉండవు, ఉన్నట్టే ఉతికాను, చివరిది పిండేసరికి గీత అడుగంటింది, నా బొమ్మ నేను చెప్పకుండానే రాయి మీద కూలబడి వాగులో కాళ్లు పెట్టుకుంది, లేవమంటే లేవదు, నొక్కినా లేవదు, ఓపిక వచ్చేదాకా అంతేనట, కిటికీలో పసుపు బూడిద అవుతోంది, వాకిలి నిండా మొక్కలు అలాగే నిలబడి ఉన్నాయి, అయిపోయింది, పోతుంది, బుద్ధి లేని పని చేశాను అనుకుంటుండగా చెట్టు కింద ఏదో కదిలింది, ఒక బొమ్మ, గజగజ వణుకుతోంది, తడిబట్టల్లో, ఏ డిపోలో ఉందో, ఏ బస్సు దిగి ఫోను చూసుకుందో, మీ బట్టలు తడిగా ఉన్నాయి అన్న కబురు దానికి పోయినట్టుంది, వణుకుతూనే గొడ్డలి తీసి మొదటి మొక్క మీద వేసింది, రెండోది, మూడోది, మాట్లాడదేమో అనుకున్నాను, ఆగి, నావైపు తిరిగి రాసింది, ఏంటక్కా, ఎప్పుడు చూసినా వాగులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటావు, కంచె ఎవరు కడతారు, నవ్వు మొహం బొమ్మ లేదు, కళ్లు మసకలు కమ్మినా జవాబు రాయడం మొదలుపెట్టాను, లేవలేకపోతున్నానే, ఇద్దరి బట్టలూ ఉతికేసరికి ఓపికంతా అయిపోయింది అని, రాస్తూ సగంలో ఆగిపోయాను, నా బొమ్మకు ఎదురుగా తూర్పు వైపు దాని కంచె కనబడుతోంది, తిన్నగా వచ్చి మూల దగ్గర ఆగిపోయిన కంచె, దాని అవతల నడుములోతు బావి, రోజూ నా బట్టలు ఉతికాక దానికి మిగిలిన ఓపికతో అయినంత అయ్యాయి అవి, మిగతా సగం కంచెను ఇంతకాలం నేనే ఒంటిమీద వేసుకుని తిరిగాను.